సాయంత్రం 4:30 నుంచి 9 దాకా: హోంవర్క్, సంగీతం, అబాకస్, చెస్, మన ఓపిక. ఏది ఎక్కడ పెట్టాలి?

తులసికోట
నమస్తే అండీ. పాప నాలుగో తరగతి, బాబు ఒకటో తరగతి. హైదరాబాద్, సీబీఎస్‌ఈ. బస్సు 4:30కి వస్తుంది. పాపకి సోమ, బుధ అబాకస్ (పూసల చట్రంతో లెక్కలు, 5:30–6:30), మంగళ, గురు కర్ణాటక సంగీతం (6–6:45), శుక్రవారం ఆన్‌లైన్ చెస్ గంట. హోంవర్క్ రోజూ గంటంబావు నుంచి గంటన్నర. పడుకునేది 10కి, లేచేది 6:15కి. రాత్రి ఎనిమిది దాటాక ఇంట్లో అరుపులే. క్లాసు మాన్పించాలా, వేళలు మార్చాలా, బడితో మాట్లాడాలా? ఏది ముందు చెయ్యాలో చెప్పండి. నిమిషాల లెక్కతో చెబితే ఇంకా మేలు.

పలక_బలపం (ప్రాథమిక తరగతుల టీచర్)
తులసికోట గారూ, లెక్క నిద్ర నుంచి మొదలుపెట్టండి. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. 10కి పడుకుని 6:15కి లేస్తే వచ్చేది ఎనిమిదింబావే. మీ ఇంట్లో ఎనిమిది దాటాక వచ్చే గొడవలో సగం నిద్ర బాకీ. అందుకని 9కి దీపం ఆర్పడం ఖాయం చేసుకుని వెనక్కి లెక్కపెట్టండి.

4:30 నుంచి 9 అంటే 270 నిమిషాలు. అందులో కాళ్ళు చేతులు కడుక్కుని ఏదైనా తినడానికి 30, ఆటకి 60, భోజనానికి 40, స్నానం, రేపటి సంచి సర్దుకోవడం 30, పడుకునే ముందు కథో కబుర్లో 20. ఇవి 180. మిగిలింది 90 నిమిషాలు. చదువు, సాధన, క్లాసు, దారి ఖర్చు అన్నీ ఈ తొంభైలోంచే రావాలి.

ఇప్పుడు అబాకస్ రోజు చూడండి. గంట క్లాసు, పోను రాను 20 చొప్పున 40. వంద అయిపోయింది. ఆ రోజు హోంవర్క్‌కి చోటే లేదు. ఆట తీసేసి ఇరికిస్తున్నాం, చాలకపోతే నిద్ర తీసేస్తున్నాం. మీకు వారంలో అలాంటి రోజులు నాలుగున్నాయి. చెస్‌కి దారి ఖర్చు లేకపోయినా గంట గంటే. నాలుగో తరగతి పిల్లకి బయటికెళ్ళే క్లాసు వారానికి రెండు రోజులు మించకూడదని నేను తల్లిదండ్రులందరికీ చెప్పేది ఈ కూడికలు చూపించే.

ఆట 60 నిమిషాల్లో కోత పెట్టకండి. 5 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకి రోజుకి సగటున గంటసేపు ఒళ్ళు అలిసే కదలిక ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. సెల్లార్‌లో సైకిల్ అయినా సరే.

కాకతీయ_నాన్న
లెక్క మంచిగున్నది మేడమ్. కానీ హోంవర్కే గంటన్నర ఇస్తున్నరు కదా. క్లాసులు మాన్పించినా 90 అందులకే పోతయి. బడోళ్ళతోని ఏమని మాట్లాడాలె? "అందరు పిల్లలు చేస్తున్నరు, మీ పిల్లనే నెమ్మది" అంటరు.

పలక_బలపం
కేంద్ర విద్యాశాఖ 2020లో స్కూల్ బ్యాగ్ పాలసీ ఇచ్చింది. అందులో హోంవర్క్ గురించీ ఉంది. ఒకటి, రెండు తరగతులకి అసలు వద్దు. మూడు నుంచి అయిదు వరకు వారం మొత్తానికి రెండు గంటలు దాటకూడదు. ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకి గంట, ఆపైన రెండు గంటలు. అంటే నాలుగో తరగతికి రోజుకి సుమారు 25 నిమిషాలు. తులసికోట గారి బాబుకి సున్నా.

కానీ ఆ కాగితం పట్టుకుని బడికెళ్తే మాట వాదన వైపు పోతుంది. టీచర్‌గా చెప్తున్నాను, మాకు పనికొచ్చేది రెండు వారాల లెక్క. రోజూ డైరీలో ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టండి: "40 నిమిషాలు కూర్చుంది. 10 లెక్కల్లో 6 అయ్యాయి. తీసివేతలో తడబడింది." నలభై నిమిషాలకి పుస్తకం మూసెయ్యండి, మీరు మాత్రం పూర్తి చెయ్యకండి. మీరు చేసిపెట్టిన హోంవర్క్ చూస్తే పిల్లకి వచ్చేసిందని మేం అనుకుంటాం, రేపు ఇంకా ఎక్కువ ఇస్తాం. పది రోజుల డైరీ చూపించి "ఇందులో ఏది తగ్గిద్దాం?" అని అడిగితే, కాపీ రాత ముందు పోతుంది. ప్రశ్న జవాబులు పుస్తకంలోంచి నోట్సులోకి ఎత్తి రాసేదే చాలా ఇళ్ళలో సగం సమయం తింటోంది.

ఇంకోటి. అది నిజంగా హోంవర్కా, లేక క్లాసులో కాని పనా అని చూడండి. బోర్డు మీదిది రాసుకోలేక ఇంటికి తెచ్చుకుంటుంటే ముందు కంటి పరీక్ష చేయించండి. ఆ తర్వాతే మిగతా అనుమానాలు.

డాలస్_తెలుగు
ఇక్కడ అమెరికా బళ్ళలో చాలాచోట్ల తరగతికి 10 నిమిషాల చొప్పున అనే లెక్క నడుస్తుంది. నాలుగో తరగతికి 40. మీరు చెప్పిన డైరీ హద్దు కూడా అంతే ఉంది. ఆదివారం మనబడి తెలుగు క్లాసుకి వెళ్ళే పిల్లల ఇళ్ళలో ఆ హోంవర్క్ శనివారం రాత్రి ఒక్కసారే మీద పడుతుంది. దాన్ని సోమ, బుధ, శుక్ర 10 నిమిషాల చొప్పున విడగొడితే గొడవ ఉండదు, అక్షరాలూ గుర్తుంటాయి.

మనసుమాట (పిల్లల కౌన్సెలర్)
పలక_బలపం గారు నిమిషాలు లెక్కేశారు. నేను ఓపిక లెక్క చెప్తాను. అదీ కొలత ఉన్న సరుకే. ఆఫీసు, వంట అయ్యాక అమ్మకైనా నాన్నకైనా కోపం రాకుండా పక్కన కూర్చోగలిగేది ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. దాన్ని గంటన్నరకి సాగదీసినచోటే అరుపు మొదలవుతుంది. కాబట్టి ఆ ఇరవై నిమిషాలు ఏ పనికి ఖర్చుపెట్టాలో ముందే తేల్చుకోండి.

బ్యాగ్ తెరవగానే డైరీ, టిఫిన్ బాక్స్, నీళ్ళ సీసా బయటికి రావాలి. ఆరోజు పనిని మూడు వాటాలు చెయ్యండి. తనంతట తాను చేసేది, వివరం చెప్పాల్సింది, అప్పజెప్పించుకోవాల్సింది. మీరు పక్కన ఉండాల్సింది రెండోదానికే. అప్పజెప్పడం అమ్మమ్మకో తాతయ్యకో ఇవ్వండి. వాళ్ళకి సిలబస్ తెలియక్కర్లేదు, పుస్తకం చేతిలో పట్టుకుని వింటే చాలు. ఎవరూ లేకపోతే మీరు కూరగాయలు తరుగుతూ వినండి. మొదటిది మాత్రం మీరు గది బయట ఉన్నప్పుడే జరగాలి. పక్కన కూర్చుంటే ప్రతి గీతకీ మీ మొహం చూస్తారు, మీరు రబ్బరు తీస్తారు.

వివరం చెప్పేటప్పుడు మొదటి లెక్క మీరు చేస్తూ పైకి చెప్పండి. రెండోది పిల్ల చెబుతుంటే మీరు రాయండి. మూడోది పిల్లే చేస్తుంది, మీరు చూడండి. నాలుగో లెక్కకి లేచి వెళ్ళిపోండి. 20 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. టైమర్‌కి ఫోన్ వద్దు, వంటింటి టైమర్ పెట్టండి. ఫోన్ పెట్టిన ఇంట్లో విరామం ఐదు నిమిషాలకి ఆగదు.

ఓపిక అయిపోతోందనడానికి గుర్తులు మూడు: ఒకే మాట మూడోసారి అనడం, పిల్ల చేతిలో పెన్సిల్ మీరు లాక్కోవడం, "నిన్ననే చెప్పాను కదా" అని నిన్నటిది ఎత్తడం. వీటిలో ఏ ఒక్కటి జరిగినా ఆ సబ్జెక్టు ఆరోజుకి మూసెయ్యండి. "నాకు ఓపిక అయిపోయింది, పది నిమిషాల్లో వస్తా" అని నిజమే చెప్పి లేవండి. భయపడ్డ పిల్లకి ఆ క్షణంలో లెక్క ఎక్కదు. అప్పుడు చెప్పిందంతా మళ్ళీ చెప్పాల్సిందే.

అరిచేశారనుకోండి, ఆ రాత్రే చెప్పండి: "అరిచాను, అది నా తప్పు. లెక్క రేపు చేద్దాం." దాని పక్కన "కానీ నువ్వు కూడా" అన్న మాట రాకూడదు. అది వస్తే ముందన్నదంతా కొట్టుకుపోతుంది.

కాకతీయ_నాన్న
"ఎన్నిసార్లు చెప్పాలె" అనేది నోట్లకెల్లి అదే వస్తది మేడమ్. దాని జాగల ఏమనాలె?

మనసుమాట
"ఎక్కడ ఆగావో వేలు పెట్టి చూపించు" అనండి. పిల్ల నోరు విప్పక్కర్లేకుండా జవాబు చెప్పగలదు. మీకూ ఎక్కడ సాయం చెయ్యాలో కనబడుతుంది. "అర్థమైందా?" అని మాత్రం అడగొద్దు. అవునంటే తప్ప లేవనివ్వరని పిల్లలకి తెలుసు.

పలక_బలపం
వేలు పెట్టించడం చాలా మంచి పని. దానికి తోడు, తప్పుని చదవడం నేర్చుకుంటే మీ ఓపిక సగం మిగులుతుంది. ఉదాహరణకి 402 − 178. జవాబు 224. పిల్ల 376 రాసిందంటే ప్రతి స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసింది (8లోంచి 2, 7లోంచి 0, 4లోంచి 1). అంటే అప్పు తెచ్చుకోవడమే రాలేదు. అదే 234 రాసిందంటే అప్పు తెచ్చింది. కానీ మధ్యలో ఉన్న సున్నా 10 అయ్యాక, అందులోంచి ఒకటి ఒకట్ల స్థానానికి ఇచ్చేస్తే 9 మిగలాలన్నది మర్చిపోయింది. రెండూ తప్పులే, మందులు వేరు. "జాగ్రత్తగా చెయ్యి" అనేది రెండిటికీ పనికిరాదు.

రెండో తప్పుకి డబ్బు తీయండి. నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు. 178 ఇమ్మనండి. రూపాయిలు చాలవు, పది నోట్లు లేవు. ఒక వంద నోటు మార్చి పది పదులు తెచ్చుకోవాలి. అందులో ఒక పదిని మార్చి పది రూపాయిలు. ఇప్పుడు చేతిలో మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు రూపాయిలు. ఆ తొమ్మిది కళ్ళకి కనబడ్డాక కాగితం మీద మళ్ళీ తప్పు పోవడం తక్కువ.

దిద్దేటప్పుడు తప్పున్న వరస పక్కన మార్జిన్‌లో చుక్క పెట్టి వదిలెయ్యండి. తప్పు ఎక్కడో వెతుక్కోవడం పిల్ల పని.

ఎక్కాలు. పాటలా ఇరవై దాకా చెప్పేస్తారు, మధ్యలో ఏడెనిమిదులెంత అంటే ఏడొకట్ల నుంచి మళ్ళీ మొదలు. 2 నుంచి 9 వరకు గుణకారాలు తిరగేసినవి కలిపేస్తే ఉన్నవి 36 మాత్రమే (7×8, 8×7 ఒకటే కదా). పెళ్ళి శుభలేఖల అట్టలు విజిటింగ్ కార్డంత కత్తిరించి 36 రాయండి. మూడు డబ్బాలు పెట్టండి: రోజూ, రోజు విడిచి రోజు, వారానికోసారి. అన్నీ మొదటి డబ్బాలో మొదలవుతాయి. మూడు సెకన్లలో చెబితే కార్డు పక్క డబ్బాలోకి, లేకపోతే మళ్ళీ మొదటికి. రోజుకి ఆరు నిమిషాలు, బస్సు కోసం నిలబడ్డప్పుడు కూడా అయిపోతుంది.

గోదారిగట్టు
తెలుగు డిక్టేషన్ గురించీ చెప్పండి మేడమ్. ఇంగ్లిష్ మీడియం పిల్లలకి ఒత్తులు పెద్ద తంటా. ఇరవై మాటలు ఇస్తే పద్నాలుగు తప్పులు.

పలక_బలపం
ఇరవై వద్దండీ, ఐదు చాలు. మాట చూసి పైకి చదవడం, అక్షరాలు విడగొట్టడం, చేత్తో మూసి రాయడం, తీసి పోల్చుకోవడం. అవే ఐదు మర్నాడు, మళ్ళీ నాలుగో రోజు.

ఎక్కువగా వచ్చే తప్పు మనం పలికే తీరులోంచి వస్తోంది. థ, ధ తేడా మన నోట్లో పలకదు కాబట్టి పిల్ల "విధ్యార్ధి" అని రాస్తుంది. చెవికి వినబడనిదాన్ని వినమంటే ఏం లాభం? మాట విప్పి చూపించండి. విద్య, అర్థి. విద్యలో ద కింద య వత్తు, అర్థిలో థ. తాత్పర్యం, డబ్బు అనే అర్థాల్లో "అర్థం", సగం అయితే "అర్ధం". అర్ధరాత్రిలో ఉన్నది సగం కాబట్టి ధ. ఇలా కారణం చెబితే పిల్లలు ఇష్టంగా పట్టుకుంటారు. న-ణ, ల-ళ మాత్రం పలికించి నేర్పొచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు వేమన పద్యం పలికించే పది నిమిషాలు దానికి బంగారం.

శ్రుతిలయ (సంగీతం టీచర్)
సంగీతం సాయంత్రం పెట్టడమే పొరపాటు. క్లాసు సంగతి కాదు, సాధన. రోజంతా బడిలో అరిచిన గొంతు రాత్రి 8కి పలకదు, భోజనం అయిన వెంటనే అసలు వద్దు. పొద్దున పళ్ళు తోముకుని గోరువెచ్చని నీళ్ళు తాగి 15 నిమిషాలు పాడితే చాలు. 6:15కి లేచే పిల్లకి 6:30 నుంచి 6:45. సాయంత్రం తొంభై నిమిషాల్లోంచి ఒక్క నిమిషం పోదు.

పదిహేను చాలదంటారు చాలామంది. లెక్క చూడండి. మొదట నేర్పే రాగం మాయామాళవగౌళలో మొదటి సరళి వరస (ఆరంభ పాఠం) 16 స్వరాలు. ఆది తాళం ఒక చుట్టుకి (ఆవర్తనానికి) 8 అక్షరాలు, అంటే 8 లెక్కలు. మొదటి కాలంలో, అంటే నెమ్మది వేగంలో, అక్షరానికి ఒక స్వరం, రెండు ఆవర్తనాలు. రెండో కాలంలో వేగం రెట్టింపు, ఒక ఆవర్తనం. మూడో కాలంలో సగమే, కాబట్టి తాళం నిండడానికి రెండుసార్లు పాడతాం. సెకనుకి ఒక అక్షరం చొప్పున వేస్తే మూడు కాలాలూ అరనిమిషంలో ముగుస్తాయి. తర్వాతి వరసలు ఎక్కువగా దీనికి రెట్టింపు. నాలుగు వరసలు రెండేసిసార్లు పాడినా ఏడు నిమిషాలే. మిగతాది కొత్త పాఠానికి.

పాడైపోయేది ఇక్కడ: తల్లిదండ్రులు తొందర పెడితే పిల్ల మొదటి కాలమే వేగంగా ఎత్తుకుంటుంది. మూడో కాలానికి వచ్చేసరికి స్వరాలు కలిసిపోతాయి, తాళం వెంట చెయ్యి పరిగెడుతుంది. అప్పుడు "మళ్ళీ పాడు" అనకండి, "నెమ్మదిగా ఎత్తుకో" అనండి. రెండో సంగతి, టీచర్ పెట్టిన శ్రుతి ఇంట్లో మార్చొద్దు. ఫోన్‌లో తంబుర పెడితే బయట చిన్న స్పీకర్‌కి కలపండి. ఫోన్ శబ్దం పిల్ల గొంతు కింద మునిగిపోతుంది, అప్పుడు తనకి వినబడేది తన గొంతే.

మీకు సంగీతం రాకపోతే మరీ మంచిది, తప్పులు పట్టకండి. శుక్రవారం ఒక నిమిషం రికార్డు చేసి టీచర్‌కి పంపండి. పట్టుకునే పని ఆమెది.

నల్లగడి (చెస్ నేర్పుతాను)
చెస్ శుక్రవారం ఉంచుకోవచ్చు, శనివారానికి బడి ఉండదు కాబట్టి. కానీ రాత్రి మూడు నిమిషాల ఆటలు ఆడనివ్వకండి. గెలిచినా ఓడినా బుర్ర వేడెక్కి నిద్ర పట్టదు. ఒక్క ఆట చాలు, ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు కలిసేలా పెట్టి, ఎత్తులు నోట్‌బుక్‌లో రాసుకుంటూ. ఓడిన వెంటనే విశ్లేషణ వద్దు, మర్నాడు పొద్దున తనే రెండు తప్పులు వెతకనివ్వండి. ఇంట్లో సాధన అంటే రోజుకి ఐదు పజిళ్ళు, అది కూడా వారంలో మూడు రోజులే. ఆదివారం టోర్నమెంట్ ఉంటే ఆ వారం ఇంకే అదనపు పనీ పెట్టకండి. రోజంతా హాల్లో కూర్చుని వచ్చిన పిల్లకి సోమవారం బడే ఎక్కువ.

గోదారిగట్టు
మరి అబాకస్? మాన్పిస్తే కట్టిన ఫీజు పోతుందనే చాలామంది లాగిస్తున్నారు.

పలక_బలపం
మిగతా వాటికంటే ముందు నేను తీసేది అదే. కారణం ఫీజు కాదు. అబాకస్‌లో లెక్క ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, వందలు ముందు. బడిలో కుడి నుంచి ఎడమకి, మెట్లు చూపించాలి. జవాబు మనసులో పూసల మీద వచ్చేసిన పిల్ల మెట్లు రాయదు, మార్కులు పోతాయి, ఇంట్లో దానికో గొడవ. పైగా వారానికి రెండు క్లాసులతో ఏమీ రాదు, రోజూ 10–15 నిమిషాల సాధన ఉంటేనే ఫలితం. చాలా కేంద్రాల్లో ఎనిమిది లెవెళ్ళు, ఒక్కోటి మూడు నాలుగు నెలలు. అంత దూరం వెళ్ళే ఉద్దేశం లేకపోతే మధ్యలో ఎక్కడ ఆపినా ఒకటే.

నల్లగడి
ఇక్కడ కొంచెం విభేదిస్తాను మేడమ్. పూసలు మనసులో నిలిపి కదపగలిగే పిల్లలకి ఏకాగ్రత కుదురుతుంది, అది నాకు బోర్డు మీద కనబడుతుంది. ఐదుకి, పదికి జతలు (3కి 2, 7కి 3) వేళ్ళు మడవకుండా చెప్పగలుగుతోందా అని అడిగి చూడండి. చెబితే ఈ లెవెల్ పూర్తయ్యేదాకా ఉంచండి. ఇంకా వేళ్ళే లెక్కపెడుతుంటే పలక_బలపం గారి మాటే సరి.

పలక_బలపం
ఆ పరీక్ష బాగుంది, ఒప్పుకుంటాను. మాన్పించినా లెవెల్ చివరే మాన్పించాలి. కోపంలో ఉన్న రాత్రి, పరీక్షల వారంలో చెప్పొద్దు. పిల్ల దాన్ని శిక్షనుకుంటుంది.

హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ఒక మాట. పిల్లకి ఏది ఇష్టమో తెలియక నాలుగైదు క్లాసులకి ఫీజు కడుతుంటారు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది. సంగీతం, నృత్యం, బొమ్మలు వెయ్యడం లాంటివన్నీ తక్కువ ఫీజుతో ఒకేచోట చూడొచ్చు. ఏడాదికి డబ్బు కట్టే ముందు అలాంటి చోట రుచి చూపించండి.

తులసికోట
అందరికీ ధన్యవాదాలు. బాబు సంగతి మిగిలింది. అక్క చదువుకుంటుంటే పుస్తకం లాగుతాడు, తనకీ హోంవర్క్ కావాలంటాడు.

మనసుమాట
ఇవ్వండి, పుస్తకం తప్ప. అక్క కూర్చున్న వేళకే వాడికీ ఒక పళ్ళెం. బఠాణీలు వొలవడం, చపాతీ పిండితో అక్షరాలు చెయ్యడం, పలక మీద బలపంతో గీతలు. 15 నిమిషాలు చాలు. వేళ్ళకి బలం వస్తుంది, పెన్సిల్ పట్టు కుదురుతుంది. ఒకటో తరగతికి ఇంతకంటే అక్కర్లేదు. వాడి పళ్ళెం ముందే సర్ది ఉంచండి. అక్కకి వివరం చెబుతూ మధ్యలో లేస్తే మీ ఇరవై నిమిషాలూ చెదిరిపోతాయి.

ఇంకో జాగ్రత్త, ఈ చర్చ చదివే అందరికీ. ఇవన్నీ మూడు నెలలు చేసినా మూడో తరగతి దాటిన పిల్ల ఇంకా అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంటే, నోటితో చక్కగా చెప్పింది కాగితం మీద పెట్టలేకపోతుంటే, అది బద్ధకం కాదు. కళ్ళు, చెవులు చూపించాక చదువు సంబంధిత పరీక్ష చేయించండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం నడిచే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో పరీక్షలు చేస్తారు. జిల్లాల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే డీఈఐసీ కేంద్రాల్లో (పిల్లల ఎదుగుదల సమస్యలు తొందరగా గుర్తించే జిల్లా కేంద్రాలు) ఉచితం. డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) లాంటివి 2016 వికలాంగుల హక్కుల చట్టం పరిధిలో ఉన్నాయి, పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు దొరుకుతాయి. ఇలాంటి పిల్లకి ఇంకో ట్యూషన్ చేర్చడం వల్ల కష్టం రెట్టింపవుతుంది.

తులసికోట
ఇలా అనుకున్నాను. చూసి చెప్పండి.
పొద్దున 6:30–6:45 సంగీతం సాధన.
4:30–5:00 బ్యాగ్ తెరవడం, తినడం (ఉడకబెట్టిన శనగలో ఇడ్లీయో, బిస్కెట్లు కాదు).
5:00–6:00 ఆట.
6:00–6:40 హోంవర్క్, మొదటి 20 నేను, తర్వాత తనే.
6:40–6:46 ఎక్కాల కార్డులు, ఆ తర్వాత భోజనం దాకా ఖాళీ. 7:30 భోజనం, 8:10 స్నానం, సంచి, 8:40 కథ, 9 నిద్ర.
మంగళ, గురు సంగీతం క్లాసు. ఆ రెండు రోజులు హోంవర్క్ 7:10 నుంచి. చెస్ శుక్రవారం. అబాకస్ ఈ లెవెల్ అయ్యాక ఆపుతున్నాం, వేళ్ళే లెక్కపెడుతోంది.

పలక_బలపం
ఒక్క మార్పు. మంగళ, గురు 7:10కి పుస్తకం తీస్తే అరుపులు అక్కడికి మారతాయి. ఆ రెండు రోజులు 5 నుంచి 5:25 దాకా మర్నాడు ఇవ్వాల్సింది మాత్రమే చేయించండి, బయల్దేరేదాకా మిగిలిన కాసేపు ఆట. కాని పని ఉంటే డైరీలో రాసి బుధ, శుక్రలకి జరపండి. లెవెల్ ముగిసేదాకా అబాకస్ రోజుల్లోనూ మర్నాడు ఇవ్వాల్సింది మాత్రమే, కానీ 5:30 క్లాసుకి బయల్దేరాలి కాబట్టి 4:45 నుంచి 5:10 దాకా; అప్పటిదాకా మిగిలిన పని శుక్రవారానికే. బ్యాగ్ తెరవడం తినకముందు కాదు, తిన్నాక. ఆకలి మీద డైరీ చూస్తే ఇద్దరికీ చిరాకే.

శ్రుతిలయ
టీచర్‌ని శనివారం పొద్దున బ్యాచ్ ఉందేమో కూడా అడగండి. మంగళవారంది అటు మారితే గురువారం ఒక్కటే మిగులుతుంది.